పైపులో ఎన్ని నీళ్లు పడతాయి? లెక్క కట్టే పద్ధతి

వేడినీళ్ల కుళాయి తిప్పాక మొదట వచ్చే చల్లనీళ్లు ఎన్ని? బావిలోకి దించిన సక్షన్ పైపు నిండాలంటే మోటారు దగ్గర ఎన్ని బకెట్లు పోయాలి? కొత్తగా వేసిన లైనును క్లోరిన్‌తో శుద్ధి చేయాలంటే మందు ఎంత కలపాలి? పైకప్పుకు బిగించిన పైపు నిండుగా ఉన్నప్పుడు క్లాంపుల మీద ఎంత బరువు పడుతుంది? ఇవన్నీ వేరువేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: ఆ పైపు కడుపులో ఎన్ని లీటర్లు పడతాయి.

సూత్రం బడిలో నేర్చుకున్నదే. స్తూపం ఘనపరిమాణం అంటే అడుగు వైశాల్యాన్ని పొడవుతో హెచ్చవేయడం. చిక్కంతా ఆ సూత్రంలో ఏ కొలత వేయాలన్న దగ్గరే వస్తుంది. పైపు మీద అచ్చువేసిన అంకెను తీసుకుని లెక్క కట్టేస్తే, కొన్ని రకాల పైపుల్లో జవాబు అసలుకన్నా ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. అందుకే ఇక్కడ సూత్రాన్ని త్వరగా ముగించి, కొలత దగ్గర ఎక్కువసేపు ఆగుదాం.

ముందుగా సూత్రం

పైపు లోపలి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకోండి. దాన్ని దానితోనే హెచ్చవేయండి. వచ్చినదాన్ని 0.7854తో హెచ్చవేయండి. ఒక మీటరు పైపులో అన్ని మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. దాన్ని పొడవు మీటర్లతో హెచ్చవేసి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి.

లోపలి వ్యాసం 20 మి.మీ. ఉన్న హోస్ 30 మీటర్లు ఉందనుకోండి. 20 × 20 = 400. 400 × 0.7854 = 314. అంటే మీటరుకు 314 మిల్లీలీటర్లు. 30 మీటర్లకు 9,420 మిల్లీలీటర్లు, దాదాపు 9.4 లీటర్లు. అంతే.

మధ్యలో ఎక్కడా యూనిట్లు మార్చకుండానే ఇది ఎలా కుదిరింది? ఒక మిల్లీమీటరు వెడల్పు, ఒక మిల్లీమీటరు ఎత్తు ఉన్న సన్నని నీటి తీగను మీటరు పొడవున ఊహించుకోండి. 1 × 1 × 1000 అంటే 1000 ఘన మిల్లీమీటర్లు. అంటే ఒక ఘన సెంటీమీటరు, అంటే సరిగ్గా ఒక మిల్లీలీటరు. కాబట్టి పైపు నోటి వైశాల్యం ఎన్ని చదరపు మిల్లీమీటర్లో, మీటరు పైపులో అన్ని మిల్లీలీటర్లు. మెట్రిక్ కొలతల్లో ఇంత హాయైన పొందిక మరొకటి నాకు కనిపించదు. ఇది ఒకసారి మనసుకు పట్టిందంటే ఇక సూత్రం కోసం వెతుక్కోనక్కరలేదు.

0.7854 అంటే పై (π) విలువలో నాలుగో వంతు. కాలిక్యులేటర్ చేతిలో లేకపోతే దానికి బదులు 11తో హెచ్చవేసి 14తో భాగించండి. పైకి 22/7 వాడితే వచ్చే భిన్నమే ఇది. 22/7 అసలు పై విలువకన్నా నూటికి 0.04 వంతు ఎక్కువ. నూరు లీటర్లకు 40 మిల్లీలీటర్ల తేడా. ఆర్యభటుడు ఇచ్చిన 3.1416 ఇంతకన్నా ఎంతో సూక్ష్మమైనది. కానీ పైపు వ్యాసాన్నే మనం అంత నిక్కచ్చిగా కొలవలేం కాబట్టి ఈ పనికి 22/7 చాలు.

అంగుళాల్లో ఆలోచించే అలవాటున్నవారికి ఇంకా తేలిక దారి ఉంది. లోపలి వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని దానితోనే హెచ్చవేయండి, అందులో సగం తీసుకోండి. మీటరుకు అన్ని లీటర్లు. రెండంగుళాల పైపు: 2 × 2 = 4, సగం 2, అంటే మీటరుకు 2 లీటర్లు. నాలుగంగుళాలది: 16లో సగం, 8 లీటర్లు. అంగుళం పైపుకు అర లీటరు. అర అంగుళానికి అందులో నాలుగో వంతు, 125 మిల్లీలీటర్లు. అసలు గుణకం 0.5067. అంటే ఈ నోటిలెక్కలో నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు మాత్రమే తక్కువ వస్తుంది.

అంగుళం పైపుకూ అర అంగుళం పైపుకూ నాలుగు రెట్ల తేడా ఉండటం గమనించారా? వ్యాసం రెట్టింపైతే పట్టే నీళ్లు నాలుగింతలు అవుతాయి. రెండు అర అంగుళం పైపులు పక్కపక్కన వేస్తే అంగుళం పైపుకు సమానం అవుతాయని చాలామంది అనుకుంటారు. నీటి పరిమాణంలో అవి అంగుళం పైపులో సగమే. సమానం కావాలంటే నాలుగు వేయాలి.

పొడవు కొలవడంలో నూటికి ఒక వంతు పొరబడితే జవాబులోనూ ఒక వంతే తేడా వస్తుంది. వ్యాసంలో అదే ఒక వంతు పొరబడితే రెండు వంతులు వస్తుంది. 10 మి.మీ. ఉన్నదాన్ని 11 అని కొలిస్తే జవాబు నూటికి 21 వంతులు పెరుగుతుంది. సన్నని పైపుల దగ్గర అర మిల్లీమీటరు కూడా లెక్కలోకి వచ్చేది ఇందుకే.

ఏ వ్యాసం?

నీళ్లు ఉండేది పైపు లోపల. కాబట్టి కావలసింది లోపలి వ్యాసం. కానీ పైపును పిలిచే పేరులో ఉండే అంకె అన్నిసార్లూ లోపలి వ్యాసం కాదు.

తోటలకూ యంత్రాలకూ వాడే మెత్తని హోస్‌లను సాధారణంగా లోపలి వ్యాసంతోనే పిలుస్తారు. 19 మి.మీ. హోస్ అంటే లోపల 19 ఉంటుంది, గోడ ఎంత మందమైనా. వీటితో ఇబ్బంది లేదు.

మిల్లీమీటర్ల పేరుతో వచ్చే గట్టి ప్లాస్టిక్ పైపులు, అంటే పీవీసీ, హెచ్‌డీపీఈ లాంటివి, బయటి వ్యాసంతో పిలవబడతాయి. వీటికి జోడించే ఎల్బోలు, టీలు బయటి నుంచి పట్టుకుంటాయి కాబట్టి బయటి కొలత మారకూడదు. ఎక్కువ ఒత్తిడికి తట్టుకోవాలంటే గోడ మందం పెరగాలి. బయట పెరిగే వీలు లేదు గనుక అది లోపలికే పెరుగుతుంది. ఒకే పేరున్న రెండు పైపుల్లో ఎక్కువ ఒత్తిడికి చేసినదానిలో నీళ్లు తక్కువ పడతాయి.

హెచ్‌డీపీఈ పైపు మీద ఎస్‌డీఆర్ అనే అంకె అచ్చువేసి ఉంటుంది. బయటి వ్యాసం గోడ మందానికి ఎన్ని రెట్లో అది చెబుతుంది. 110 మి.మీ. పైపు ఎస్‌డీఆర్ 11 అయితే గోడ మందం 10 మి.మీ. రెండు వైపులా 10 చొప్పున తీసేస్తే లోపల మిగిలేది 90. మీటరుకు 6.36 లీటర్లు పడతాయి. 110 వేసి లెక్క కడితే 9.5 లీటర్లు వచ్చేది. ఎస్‌డీఆర్ 11 పైపుల్లో పరిమాణం ఏదైనా ఇదే నిష్పత్తి: బయటి వ్యాసంతో కట్టిన లెక్కలో మూడింట రెండు వంతులే నిజం. ఎస్‌డీఆర్ 17 అయితే నూటికి దాదాపు 78 వంతులు నిజం.

రాగి గొట్టాలకూ మెట్రిక్ కొలతల్లో బయటి వ్యాసమే పేరు. 15 మి.మీ. రాగి గొట్టానికి గోడ 0.7 మి.మీ. ఉంటే లోపల 13.6 మిగులుతుంది, మీటరుకు 145 మిల్లీలీటర్లు. నేల కింద వేడినీళ్లు తిప్పే పెక్స్ అనే ప్లాస్టిక్ గొట్టాల మీద 16 × 2 అని ఉంటుంది. బయట 16, గోడ 2, లోపల 12 అని అర్థం. మీటరుకు 113 మిల్లీలీటర్లు. 16తో కట్టినవారికి 201 వస్తుంది. ఆ లూపు 150 మీటర్లు ఉంటే అసలు పట్టేది 17 లీటర్లు, కాగితం మీద 30 లీటర్లు. గడ్డకట్టకుండా నూటికి 30 వంతుల గ్లైకాల్ కలపాలనుకుంటే 5.1 లీటర్లు పోయాల్సిన చోట 9 లీటర్లు పోస్తారు. అప్పుడు మిశ్రమంలో సగానికి పైగా గ్లైకాలే ఉంటుంది. చిక్కబడిన ఆ ద్రవాన్ని తిప్పడానికి పంపు అనవసరంగా కష్టపడుతుంది, అది మోసుకెళ్లే వేడి కూడా తగ్గుతుంది.

ఇక ఇనుప పైపుల సంగతి. అర అంగుళం ఇనుప పైపులో ఏ కొలతా అర అంగుళం ఉండదు. షెడ్యూల్ 40 రకంలో (షెడ్యూల్ అంటే గోడ మందం తరగతిని తెలిపే అంకె) బయట 21.3 మి.మీ., లోపల 15.8 మి.మీ. అర అంగుళమంటే 12.7. అది అటూ కాదు, ఇటూ కాదు. ఆ పైపుకు అది పేరు మాత్రమే. వేడినీళ్లకు వాడే సీపీవీసీ అర అంగుళం పైపు ఎస్‌డీఆర్ 11 రకంలో బయట 15.9, లోపల 12.4. రెండింటినీ అర అంగుళమనే అడుగుతాం, అర అంగుళమనే ఇస్తారు. కానీ ఇనుపదానిలో మీటరుకు 196 మిల్లీలీటర్లు, సీపీవీసీలో 121.

కాబట్టి పైపు మీద రాసి ఉన్నదంతా చదవండి: పదార్థం, పరిమాణం, ఎస్‌డీఆర్ లేదా షెడ్యూల్ లేదా ఒత్తిడి తరగతి. తయారీదారు పట్టికలో దానికి ఎదురుగా గోడ మందం దొరుకుతుంది. బయటి వ్యాసంలోంచి గోడ మందాన్ని రెండుసార్లు తీసేయండి. ఒక్కసారే తీసేయడం చాలా తరచుగా జరిగే పొరపాటు. గోడ అటు ఒకటి, ఇటు ఒకటి ఉంటుంది.

రాత చెరిగిపోతే కొలవండి

వెర్నియర్ కాలిపర్స్ ఉంటే పైన ఉండే చిన్న దవడలను పైపు నోట్లోకి పోనిచ్చి, లోపలి గోడలకు ఆనేదాకా తెరవండి. దవడలు పైపుకు నిటారుగా నిలవాలి. అటూ ఇటూ కొద్దిగా కదిపి, వచ్చిన కొలతల్లో పెద్దది తీసుకోండి. దవడలు వృత్తం మధ్యగా కాక పక్కగా ఆనితే కొలత తక్కువే వస్తుంది తప్ప ఎక్కువ రాదు. తర్వాత పైపును పావు వంతు తిప్పి మళ్లీ కొలవండి. చుట్టగా ఉంచిన పైపులు కోడిగుడ్డులా నొక్కుకుని ఉంటాయి. రెండు కొలతల సగటు వేసుకుంటే సరిపోతుంది. కొలిచే ముందు కోసిన అంచును చూడండి. రంపంతో కోసిన పైపు అంచున లోపలికి బొడిపెలు లేస్తాయి. పైపు కట్టరుతో కోసిన రాగి గొట్టం అంచు కూడా లోపలికి ముడుచుకుంటుంది. ఆ అంచును చాకుతో గానీ ఆకురాయితో గానీ చెక్కేసి, ఆ తర్వాతే దవడలు ఆనించండి.

కాలిపర్స్ లేనప్పుడు, పైపును కోయడానికి వీల్లేనప్పుడు, దారం చుట్టండి. సాగని దారం గానీ సన్నని కాగితపు పట్టీ గానీ పైపు చుట్టూ ఒక చుట్టు వేసి, కలిసిన చోట గుర్తు పెట్టి, తిన్నగా పరిచి స్కేలుతో కొలవండి. ఆ చుట్టుకొలతను 3.1416తో భాగిస్తే బయటి వ్యాసం. దారం 84 మి.మీ. వచ్చిందంటే బయటి వ్యాసం 26.7. గోడ మందం 2.9 అని తెలిస్తే లోపల 20.9, మీటరుకు 343 మిల్లీలీటర్లు.

అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి మాత్రం నీళ్లు పోసి చూడటమే. హోస్ ముక్క ఒకటి తీసుకుని పొడవు కొలవండి. రెండు చివర్లూ పైకి వచ్చేలా ఆంగ్ల అక్షరం యూ ఆకారంలో వంచి పట్టుకుని, ఒక చివర నుంచి కొలపాత్రతో నెమ్మదిగా పోయండి. గాలి రెండో చివర నుంచి బయటికి పోతుంది. వేగంగా పోస్తే బుడగలు మధ్యలో చిక్కుకుంటాయి. హోస్‌ను వేలితో తట్టితే పైకి వచ్చేస్తాయి. రెండు నోళ్ల దగ్గరా నీళ్లు అంచుకు వచ్చాక ఎన్ని పోశారో చూడండి. తూకం యంత్రం ఉంటే ఇంకా మంచిది. ఖాళీ ముక్కను తూచి, నింపి తూచండి. తేడా ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు.

ఇలా వచ్చిన అంకె నుంచి వెనక్కి వెళ్లి లోపలి వ్యాసం కూడా రాబట్టవచ్చు. మీటరుకు వచ్చిన మిల్లీలీటర్లను 14తో హెచ్చవేసి 11తో భాగించి వర్గమూలం తీయండి. రెండు మీటర్ల ముక్కలో 265 మిల్లీలీటర్లు పట్టాయనుకోండి. మీటరుకు 132.5. దాన్ని 14/11తో హెచ్చవేస్తే 168.6. వర్గమూలం 13. అంటే అది 13 మి.మీ. హోస్. నిజానికి లీటర్లే కావాలంటే వ్యాసం జోలికే పోనక్కరలేదు. మీటరుకు 132.5 అన్న అంకె చేతిలో ఉంది, పొడవుతో హెచ్చవేస్తే పని అయిపోయింది.

లోపల మడతలున్న ముడతల పైపుకు, ఏళ్ల తరబడి ఉప్పు పేరుకున్న పాత ఇనుప పైపుకు ఈ పద్ధతి ఒక్కటే గతి. సూత్రం గుండ్రని, నున్నని గోడను ఊహించుకుంటుంది. అక్కడ అది ఉండదు.

పొడవు

తిన్నగా ఉన్న లైనుకు టేపు చాలు. మలుపుల దగ్గర పైపు నడిమి గీత వెంబడి కొలవండి, బయటి అంచు వెంబడి కాదు. గోడలోకి వెళ్లి పైకి లేచి మళ్లీ దిగే ముక్కలను మరచిపోకండి. నేల మీద గది నుంచి గదికి కొలిచిన దూరంలో నిలువు ముక్కలు ఉండవు.

చుట్టలో ఉన్న హోస్‌ను విప్పకుండానే పొడవు తెలుసుకోవచ్చు. చుట్ట బయటి అంచు నుంచి అంచుకు 60 సెం.మీ., లోపలి ఖాళీ 40 సెం.మీ. ఉంటే సగటు 50. దాన్ని 3.1416తో హెచ్చవేస్తే ఒక చుట్టుకు 1.57 మీటర్లు. అలాంటివి 20 చుట్లు ఉంటే 31.4 మీటర్లు.

ముక్కముక్కగా కలపండి

అసలు లైనులో పైపు మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు ఉండదు. లావు మారిన ప్రతి చోటా లెక్కను తెంచి, ముక్కకు ముక్క వేరుగా కట్టి, చివర కూడండి.

ఒక భవనంలో లోపలి వ్యాసం 40 మి.మీ. ఉన్న నిలువు పైపు 12 మీటర్లు, దాని నుంచి 25 మి.మీ. అడ్డ పైపు 18 మీటర్లు, చివర 15 మి.మీ. కొమ్మలు మూడు, ఒక్కొక్కటి 6 మీటర్లు ఉన్నాయనుకుందాం. నిలువు పైపులో 15.1 లీటర్లు, అడ్డ పైపులో 8.8 లీటర్లు, మూడు కొమ్మల్లో కలిపి 3.2 లీటర్లు. మొత్తం 27.1 లీటర్లు. అడ్డ పైపు, కొమ్మలు రెండూ 18 మీటర్లే. అయినా కొమ్మల్లో పట్టేది దాదాపు మూడో వంతు. కాబట్టి మీ ఓపికంతా లావు పైపు కొలవడంలో పెట్టండి. సన్న కొమ్మల్లో అర మీటరు అటూ ఇటూ అయినా ఫలితం కదలదు.

ఎల్బోలను, టీలను నడిమి గీత వెంబడి పొడవులో కలిపేసుకుంటే చాలు. ఫిల్టర్లు, గీజర్లు, ప్రెజర్ ట్యాంకుల సంగతి అలా కాదు. ఒక చిన్న ఫిల్టర్ గిన్నెలో కొన్ని మీటర్ల పైపులో పట్టేన్ని నీళ్లు ఉండవచ్చు. వాటి మీద రాసిన పరిమాణాన్ని విడిగా కూడండి. జవాబు లీటర్లకు బదులు గ్యాలన్లలో కావాలంటే ముందు ఏ గ్యాలనో అడగండి. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు.

లీటర్లు తెలిశాక

వేడినీళ్ల కోసం ఎంతసేపు ఆగాలో చూద్దాం. గీజరు నుంచి కుళాయికి 12 మీటర్ల అర అంగుళం సీపీవీసీ ఉంటే లోపల నిలిచిన చల్లనీళ్లు 1.45 లీటర్లు. కుళాయి నిమిషానికి 6 లీటర్లు ఇస్తే 14, 15 సెకన్లు. ఇనుప పైపైతే 2.35 లీటర్లు, 23 సెకన్లకు పైనే. నిజంలో ఇనుప పైపు దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇనుము కూడా వేడెక్కాలి. అర అంగుళం ఇనుప పైపు మీటరుకు సుమారు 1.27 కిలోలు ఉంటుంది. అంత ఇనుమును వేడెక్కించడానికి దాదాపు 140 మిల్లీలీటర్ల నీళ్లను వేడెక్కించినంత వేడి కావాలి. లోపల ఉన్నవే 196 మిల్లీలీటర్లు. మొదట వచ్చే వేడినీళ్ల వేడిలో చాలా భాగం పైపు గోడే తాగేస్తుందన్నమాట.

సక్షన్ పైపు నింపేటప్పుడు ఈ లెక్క రోగనిర్ధారణకు పనికొస్తుంది. 50 మి.మీ. లోపలి వ్యాసంతో 6 మీటర్ల సక్షన్ పైపులో 11.8 లీటర్లు పడతాయి. పంపు గిన్నెకు ఇంకో రెండు మూడు లీటర్లు వేసుకోండి. ఇరవై లీటర్లు పోసినా నిండలేదంటే పోసిన నీళ్లు పైపు అడుగున నీళ్లను వెనక్కి పోనివ్వకుండా ఆపే ఫుట్‌వాల్వు నుంచి బావిలోకే పోతున్నాయి. మోటారు విప్పే ముందు ఆ వాల్వు చూడండి.

క్లోరిన్ మోతాదుకు ఉదాహరణగా లీటరుకు 50 మిల్లీగ్రాములు కలపాలని మీకు చెప్పారనుకుందాం. 63 మి.మీ. హెచ్‌డీపీఈ పైపు, ఎస్‌డీఆర్ 11, గోడ 5.8, లోపల 51.4, పొడవు 100 మీటర్లు. పట్టే నీళ్లు 207 లీటర్లు. కావలసిన క్లోరిన్ 10.4 గ్రాములు. నూటికి 30 వంతుల క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పొడి అయితే 35 గ్రాములు. పేరులో ఉన్న 63 వేసి లెక్క కడితే 52 గ్రాములు వస్తుంది. ఇలాంటి చోట లోపలి వ్యాసం గురించి నేను అంతగా పట్టుపట్టడానికి కారణం ఉంది: ఆ నీళ్లు రేపు ఎవరో తాగుతారు.

బరువు లెక్క సులువు. లీటరు నీళ్లు కిలో. లోపల 100 మి.మీ. ఉన్న పైపు మీటరుకు 7.85 కిలోల నీళ్లు మోస్తుంది. మూడు మీటర్లకో క్లాంపు బిగిస్తే ఒక్కొక్క దాని మీద పైపు బరువు కాక నీళ్ల బరువే 23 కిలోలకు పైగా పడుతుంది. 65 మి.మీ. ఫైర్ హోస్ 15 మీటర్ల ముక్క నిండితే లోపలి నీళ్లు దాదాపు 50 కిలోలు. ఖాళీగా ఉన్నప్పుడు ఒకరు తేలిగ్గా మోసే హోస్‌ను నిండాక లాగడానికి ఇద్దరు ఎందుకు కావాలో ఈ అంకె చెబుతుంది.

డ్రిప్ లైనులో ఎరువు ఎప్పటికి చివరికి చేరుతుంది?

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మామూలు లెక్క ఇక్కడ బాగా తప్పుతుంది.

లోపల 13.6 మి.మీ. ఉన్న లేటరల్ పైపు, అంటే మొక్కల వరుస వెంట పరిచే సన్న పైపు, 50 మీటర్లు ఉంది. అర మీటరుకొకటి చొప్పున 100 డ్రిప్పర్లు, ఒక్కొక్కటి గంటకు 4 లీటర్లు ఇస్తుంది. పైపులో పట్టేది 7.3 లీటర్లు. మొత్తం ప్రవాహం గంటకు 400 లీటర్లు, నిమిషానికి 6.67 లీటర్లు. 7.3ని 6.67తో భాగిస్తే 1.1 నిమిషం. మొదట్లో కలిపిన ఎరువు నిమిషంలో చివరికి చేరుతుందని అనిపిస్తుంది.

చేరదు. ప్రతి డ్రిప్పరు దగ్గరా కొన్ని నీళ్లు బయటికి పోతాయి కాబట్టి ముందుకు వెళ్లేకొద్దీ ప్రవాహం సన్నగిల్లుతుంది. చివరి అర మీటరును చూడండి. అందులో 73 మిల్లీలీటర్ల నీళ్లున్నాయి. ఆ ముక్కలో పారేది చివరి డ్రిప్పరుకు వెళ్లే నీరే, నిమిషానికి 67 మిల్లీలీటర్లు. ఆ అర మీటరు దాటడానికే 1.1 నిమిషం పడుతుంది. మొత్తం పైపుకు పడుతుందని మనం అనుకున్న సమయమంతా చివరి అర మీటరుకే ఖర్చయింది! దాని ముందు ముక్కకు అందులో సగం, అంతకు ముందుదానికి మూడో వంతు, ఇలా వెనక్కి పోతుంది. 1 + 1/2 + 1/3 అంటూ 1/100 వరకు కూడితే 5.19. దాన్ని 1.1తో హెచ్చవేస్తే దాదాపు 5.7 నిమిషాలు.

అంటే ఈ లైనులో ఎరువు కలపడం ఆపిన వెంటనే మోటారు కట్టేస్తే చివరి మొక్కలకు అందాల్సిన ఎరువు పైపులోనే ఉండిపోతుంది. ఎరువు ఆగాక కనీసం ఆరు నిమిషాలు మంచినీళ్లు పారించాలి. దానికి మెయిన్, సబ్‌మెయిన్ పైపుల్లో పట్టే సమయం కూడా కలపండి. డ్రిప్పర్ల సంఖ్య 50 అయితే 5.19 స్థానంలో 4.5 వేసుకోండి, 200 అయితే 5.9.

సూత్రం సాగదీయాల్సిన చోట్లు

మెత్తని హోస్ ఒత్తిడికి ఉబ్బుతుంది. వ్యాసం నూటికి 5 వంతులు పెరిగితే నీళ్లు 10 వంతులు పెరుగుతాయి. కుళాయి కట్టేశాక కూడా హోస్ చివర నుంచి కాసేపు నీళ్లు కారడానికి ఇదొక కారణం. ఒత్తిడిలో ఉన్న పరిమాణం కావాలంటే నీళ్లు తిప్పి ఉంచి, దారంతో చుట్టుకొలత కొలవండి. ఖాళీగా ఉన్నప్పుడు బల్లపరుపుగా పడుకునే ఫ్లాట్ హోస్‌కు నిండినప్పటి వ్యాసమే లెక్క. పడుకోబెట్టినప్పుడున్న వెడల్పు సగం చుట్టుకొలతకు దాదాపు సమానం. కాబట్టి ఆ వెడల్పును 2తో హెచ్చవేసి 3.1416తో భాగిస్తే నిండినప్పటి వ్యాసం సుమారుగా వస్తుంది. వెడల్పు 100 మి.మీ. ఉంటే వ్యాసం 64 మి.మీ.

సగమే నిండి పారే మురుగు పైపుల్లో నీటి లోతును బట్టి అంచనా వేయవచ్చు గానీ, లోతు నాలుగో వంతు ఉంటే నీళ్లు నాలుగో వంతు ఉంటాయనుకోకండి. గుండ్రని పైపు అడుగు ఇరుకు. పడుకున్న పైపులో వ్యాసంలో పదో వంతు లోతుకు నిండు పైపులో నూటికి 5 వంతుల నీళ్లే ఉంటాయి. అయిదో వంతు లోతుకు 14, నాలుగో వంతుకు 19.5, సగం లోతుకు సరిగ్గా 50 వంతులు. సగం దాటాక ఇవే అంకెలు తలకిందులవుతాయి: ముప్పావు లోతుకు 80.5, పదింట తొమ్మిది వంతుల లోతుకు 95.

జవాబు రాసేటప్పుడు 9.4248 లీటర్లని రాయకండి. టేపుతో, దారంతో కొలిచినదానికి అంత సూక్ష్మత లేదు. 9.4 అని రాయండి. మందు కలపడానికైతే ఆ అంకెనే వాడండి. పాత్రలూ బకెట్లూ సిద్ధం చేసుకోవడానికైతే నూటికి పది వంతులు ఎక్కువ వేసుకోండి.